బుల్లిరాజు గారి కర్ర చప్పుడు

పోయిన వారం సోమరాజుపేటను ఒక చిక్కులో వదిలేసి ఎవరి వంటలకు వాళ్ళం వెళ్ళిపోయాం. ఆ చిక్కు ఇంకా విడలేదు. కాలవ రేవులో తాతల నాటి నుంచి సాగుతున్న చేపల బజారును లాకుల అవతలికి తరిమెయ్యాలని మునిసిపల్ కౌన్సిలు ఏకగ్రీవంగా నిర్ణయించింది. కౌన్సిలు అలాంటి పని చేయడంలో వింత లేదు. చైర్మన్ బంగార్రాజు గారు కూడా అందరితోపాటు ఓటుకు లేచి నిలబడ్డారే, అదీ వింత. సర్కారు నియమించగా కాక, సభ్యులు ఎన్నుకోగా ఆ కుర్చీ ఎక్కిన మొదటి మనిషి ఆయన. ఎక్కిన మర్నాడే రేవుకు వెళ్ళి, దోసిట్లో గోదారి నీళ్ళు పట్టి, "నేనీ కుర్చీలో ఉండగా మీ తట్టలు ఇక్కణ్ణుంచి కదలవు" అని చేపలు పట్టే పల్లెవాళ్ళకు మాటిచ్చారు. ఓటు లేనివాళ్ళకు మాటివ్వడం కొత్త పద్ధతి గనక అప్పుడు ఊరంతా ఆశ్చర్యపోయింది. ఇచ్చిన మాట తప్పడం పాత పద్ధతే గనక ఇప్పుడెవరూ ఆశ్చర్యపోలేదు.

ఒక్కరు తప్ప. ఆయన భార్య రత్నమాణిక్యం.

రాజుల కోడలు, ఘోషా. కాపరానికి వచ్చాక ఆవిడ రేవు చూసింది లేదు, బజారు చూసింది లేదు. పల్లకీ తెర సందుల్లోంచి ఎంత కనిపిస్తే అంతే ఆవిడకు సోమరాజుపేట. అయితే చూడ్డానికి వీల్లేని మనిషికి వినడం బాగా పట్టుబడుతుంది. మునిసిపాలిటీకి ఇంకా సొంత కచేరీ లేదు. మీటింగులన్నీ చైర్మన్ గారి చావడిలోనే. చావడికీ లోపలి ఇంటికీ మధ్య గుమ్మానికి వెదురు తెర. ఆ తెర వెనక పీట వేసుకుని, ఒళ్ళో చేట పెట్టుకుని, బియ్యంలో మట్టిగడ్డలు ఏరుకుంటూ ఆవిడ ప్రతి మీటింగూ వినేది. సభ్యుల్లో సగంమంది కంటె కౌన్సిలు వ్యవహారం ఆవిడకే ఎక్కువ తెలుసు. వాళ్ళు మధ్యలో కునుకు తీస్తారు. ఆవిడకు బియ్యం ఉంటాయి.

ఆ రోజు కూడా విన్నది. చేపల బజారు మాటకు ఎవరూ నోరు తెరిచి ఔననలేదు. కుర్చీలు మాత్రం కిర్రుమన్నాయి. అంతే. తీరా చూస్తే నిర్ణయం అయిపోయిందన్నారు.

ఇవాళ పొద్దున్న పెరటి గుమ్మంలోకి వీరవేణి వచ్చింది. ఈ ఇంటికి చేపలు పోసే మనిషి. తట్ట నెత్తి మీంచి దించి, బోర్లించి, దాని మీదే కూర్చుంది.

"ఈ పూట చేప లేదండి."

"అదేంటే, చీరమేను దిగిందన్నారు కదా?"

"ఆయ్. దిగిందండి. తట్టలకి తట్టలు దిగింది. ఈ ఇంటికి లేదండి."

రత్నమాణిక్యం చేతిలో చేట ఆగింది. "ఎవరు పెట్టిన కట్టడి?"

"మా గంగయ్య బావండి. కులపెద్ద కదండి మరి. రాజుగారు మాట తిరగేసేరు, మనం తట్ట తిరగేద్దాం అన్నాడండి."

"మరి నువ్వెందుకొచ్చావు?"

"చేప పొయ్యొద్దన్నాడు గానండి, మాటాడొద్దన్లేదు." వీరవేణి కొంగుతో మొహం తుడుచుకుంది. "అమ్మగారండీ, లాకుల అవతలంటే మీకు తెలవదు. సముద్రం కాణ్ణుంచి వచ్చిన పడవ లాకుల ముందు ఆగిపోవాలండి. తలుపులు తియ్యాలి, నీళ్ళు ఎక్కాలి, వాటికంటె ముందు లాకులాయన నిద్దర్లేవాలి. ఇవన్నీ అయ్యి పడవ అటు తేలేసరికి చీరమేను కూరకి పనికి రాదండి, కొబ్బరిచెట్టుకి ఎరువుగా పనికొస్తది. అంత దూరం కొనేవోళ్ళు మాత్రం ఎందుకొస్తారు? మేం ఏం తిని బతకాలండి?"

"కలెక్టరు దొరగారి దగ్గరికి వెళ్ళాడన్నారు కదా మీ బావ?"

"ఎళ్ళేడండి. ముసాఫరు బంగళా కాడ గుర్రం కళ్ళెం వొదల్లేదంట. నేనే వస్తాను, నా ముందు మళ్ళీ ఓట్లు తీసుకోండి అన్నాడంట దొర. ఇవాళ మద్దేన్నవేనండి. ఇవాళ ఎంతమంది లేస్తే అంతే, ఇంక తిరగదంట." వీరవేణి లేచి తట్ట ఎత్తుకుంది. వెళ్ళబోతూ వెనక్కి తిరిగింది. "రాజుగారు చెడ్డోరు కాదండి. మరెందుకు లేచేరండి?"

"అదే నాకూ కావాలి," అంది రత్నమాణిక్యం.

బంగార్రాజు గారు భోజనానికి కూర్చుని విస్తరి కేసి చూశారు.

"వంకాయేంటండి?"

"చేప లేదండి."

"చీరమేను దిగిందన్నారే?"

"మన ఇంటికి దిగలేదటండి."

ఆయన వంకాయ కలుపుకున్నారు. నాలుగు ముద్దలు దిగనిచ్చి ఆవిడ మెల్లగా అడిగింది.

"ఎందుకు లేచారండి?"

"ఎక్కడ?"

"సభలో."

"లేవవలసి వచ్చిందండి."

"కుర్చీలో నల్లులున్నాయా?"

"రత్నమాణిక్యం గారండీ!"

రాజుల ఇళ్ళల్లో ఆలికీ అండి, ఉయ్యాల్లో పిల్లకీ అండి. కోపం వస్తే గౌరవం తగ్గదు, పెరుగుతుంది. అండికి గారు కూడా తోడయిందంటే ఇంక విస్తరి ముందు నుంచి లేవబోతున్నారని అర్థం. ఆవిడ చటుక్కున పెరుగు తెచ్చి వేసింది. పెరుగన్నం వదిలి లేచే మనిషి కాదాయన.

పెరుగు కలుపుకుంటూ ఆయనే అన్నారు. "మాట తప్పాడంటే ఒక్క బంగార్రాజు పరువు పోతుందండి. అసలు సంగతి బయటపడితే ఊరి పరువు పోతుంది. వీళ్ళకి ఎన్నికలేంటి, ఓటంటే ఏంటో వీళ్ళకి తెలుసునా, మళ్ళీ మనవాణ్ణే ఒకణ్ణి కూర్చోబెడదాం అంటారు దొరలు. ఎన్నికైన చైర్మన్లలో నేను మొదటివాణ్ణి. ఆఖరివాణ్ణి కాదల్చుకోలేదు."

"అసలు సంగతంటూ ఒకటుందన్నమాట."

ఆయన చేయి కడుక్కున్నారు.

అసలు సంగతి ఉందని చెప్పి, అదేమిటో చెప్పకుండా వెళ్ళిపోవడం మగవాళ్ళు చేసే తప్పుల్లో పెద్దది. ఆ తప్పు చేసి కూడా తామేదో దాచగలిగామనుకుంటారు.

రత్నమాణిక్యం తెర వెనక పీట మీద కూర్చుంది. చావడి ఖాళీగా ఉంది. కళ్ళు మూసుకుని ఆ రోజును మళ్ళీ విన్నది. అప్పాజీ ఉపన్యాసం. వైస్ చైర్మన్ అప్పాజీ ప్లీడరు, ఈ ఇంటికి వరసకు అల్లుడు. రేవుకు ఎదురుగా కొత్త మేడ కట్టాడు. అతనికి చేప కావాలి గాని చేపల వాళ్ళు అక్కర్లేదు. పారిశుధ్యం, పారిశుధ్యం అని మద్రాసులో నేర్చుకున్న మాటను నాలుగైదుసార్లు అన్నాడు. నోటితో ఔనూ కాదూ అనడం మోటు, లేచి నిలబడి ఓటు వెయ్యడమే నాగరికం అనే రూలు కూడా అతను తెచ్చిందే. తర్వాత? "అనుకూలురు లేవవలెను" అన్నాడు. సరిగ్గా అప్పుడే గోడగడియారం మూడు కొట్టింది. దాని వెనకే ఇంకో చప్పుడు. టక్కు... టక్కు. ఆ తర్వాత కుర్చీలు.

ఆవిడ కళ్ళు తెరిచింది.

కర్ర! బుల్లిరాజు గారి కర్ర!

బుల్లిరాజు గారు బంగార్రాజు గారికి పినతండ్రి, ఇంటికి పెద్ద. ఆయన కర్ర చప్పుడు గుమ్మంలో వినబడితే ఇంట్లో కూర్చున్నవాడు కూర్చున్నట్టు ఉండడు. మంగలి దగ్గర సగం గడ్డంతో ఉన్నవాడైనా లేచి నిలబడతాడు. ఆ చుట్టుపక్కల ఊళ్ళల్లో రాజులంతా చుట్టాలే గనకా, రాజులు కానివాళ్ళు కూడా ఆయన పొలం గట్టున నడిచేవాళ్ళే గనకా కౌన్సిలు మొత్తం లేచి ఉంటుంది. లేవక చస్తుందా?

కాని పగటి నిద్ర ప్రాణంతో సమానమయిన ఆ మనిషి మూడింటికి చావడిలోకి ఎందుకు వచ్చినట్టు?

పక్క వాటాలో బుల్లిరాజు గారు పడక కుర్చీలో ఉన్నారు. ఆయన భార్య అప్పాయమ్మ గారు గుమ్మం పక్కన చాప మీద కూర్చుని కార్తీకానికి వత్తులు చేస్తోంది. కోడలు మామగారితో సూటిగా మాట్లాడకూడదు. అందుకని రత్నమాణిక్యం స్తంభం చాటున నిలబడి అత్తగారితో మాట్లాడింది.

"అత్తయ్యగారండీ, మీటింగు నాడు మామయ్యగారు చావడిలోకి ఎందుకు దయచేశారో?"

అప్పాయమ్మ గారు అటు తిరిగి నోరు తెరవబోయేలోగానే బుల్లిరాజు గారు తన చేతికర్రతో చెబుతున్నట్టు అన్నారు: "విన్నాను, విన్నాను." ఆయనకు చెవుడని ఊళ్ళో చెప్పుకుంటారు. చెవుడు కాదు, ఎంపిక. "గడియారం మూడు కొట్టగానే రమ్మన్నారు, వెళ్ళాను. అంతా లేచారు. కూర్చోండి, కూర్చోండి అన్నాను. కూర్చున్నారు. ఈ రోజుల్లో కూడా మర్యాద ఉందే అని సంతోషించాను."

"రమ్మన్నది ఎవరో?" అని స్తంభం అడిగింది.

"ఎవరేంటి? మన బంగార్రాజే."

బుల్లిరాజు గారు అబద్ధం ఆడరు. అబద్ధమాడితే పళ్ళు ఊడతాయని చిన్నప్పుడు ఎవరో చెప్పారట. ఎలాగూ పళ్ళన్నీ ఊడిపోయాయి గాని నమ్మకం ఊడలేదు.

రత్నమాణిక్యం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇప్పుడు అంతా అర్థమయింది. ఓట్లు తీస్తే ఓడిపోతామని బంగార్రాజు గారికి తెలుసు. మిషన్ బడి హెడ్మాస్టరు ఆశీర్వాదం గారు తప్ప తన పక్షం వహించే సభ్యుడు లేడు. పినతండ్రి గారు చావడిలోకి వస్తే ఎంతటి వ్యవహారమైనా అక్కడితో ఆగిపోతుంది. కుశల ప్రశ్నలు, తాంబూలం, పంటల మాట, చీకటి పడిపోతుంది. ఓటు వాయిదా పడుతుంది. అదీ ఎత్తు. తీరా అప్పాజీ ఉపన్యాసం అనుకున్నదానికంటె ముందు ముగిసింది. అతను "లేవవలెను" అనడం, గడియారం కొట్టడం, ముసలాయన గుమ్మంలో అడుగు పెట్టడం ఒక్కసారే అయ్యాయి. తన ఎత్తు పారిందనుకుని అందరికంటె ముందు లేచినవారు చైర్మన్ గారు! అప్పాజీ ఆ సంగతి కనిపెట్టకపోలేదు. కాని అయాచితంగా వచ్చినదాన్ని వద్దనేవాడైతే ప్లీడరు ఎందుకవుతాడు? టకటకా లెక్కపెట్టుకుని రాయించేశాడు.

తను తవ్విన గోతిలో తనే పడి, పడ్డానని చెప్పుకోలేక, మాట తప్పినవాడినని ఊరంతా అంటున్నా నోరు మెదపకుండా వంకాయ తింటున్నారు మహానుభావుడు. రత్నమాణిక్యానికి నవ్వుతోపాటు జాలి కూడా వేసింది. జాలితోపాటు ఇంకోటి కూడా తోచింది.

"అత్తయ్యగారండీ, ఇవాళ దొరగారు వస్తున్నారట. ఇంటికి పెద్దవారు మొదటి నుంచీ చావడిలో ఉండకపోతే ఏం బావుంటుంది?"

అప్పాయమ్మ గారు తల ఎత్తింది. ఆవిడ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. "ఉండి ఏం చెయ్యాలి?"

"ఏమీ చెయ్యొద్దండి. ఊరికే కూర్చుంటే చాలు. ఎవరైనా లేస్తే, అలవాటు మాట అలవాటుగా అంటే చాలు."

అప్పాయమ్మ గారు వత్తి మెలిపెట్టి కోడలి కేసి ఒక్క క్షణం ఎక్కువే చూసింది. ఆ తర్వాత భర్త వైపు తిరిగి, "ఏవండీ, ఉత్తరీయం మార్చుకోండి. ఇవాళ మీరు చావడిలో కూర్చోవాలిట," అంది.

దొర గుర్రం మీద వచ్చాడు. ఎర్రటి మనిషి, ఎండకు ఇంకా ఎర్రబడ్డాడు. చావడి మధ్య పడక కుర్చీలో, చేతి కింద కర్రతో, చలవ ఉత్తరీయంతో ఉన్న బుల్లిరాజు గారిని చూసి ఆయనే ఊరికి దేవుడేమోననుకుని టోపీ తీశాడు. "కూర్చోండి, కూర్చోండి నాయనా," అన్నారు బుల్లిరాజు గారు. ఆశీర్వాదం మేష్టారు దాన్ని ఇంగ్లీషులో చెప్పకముందే దొర కూర్చున్నాడు. అత్తగారి పక్కన కూర్చుని తెర సందులోంచి చూస్తున్న రత్నమాణిక్యానికి ప్రాణం కుదుటపడింది. మందు దొరల మీద కూడా పనిచేస్తోంది.

అరుగు మెట్ల కింద గంగయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అతని వెనక పల్లెవాళ్ళు. ఆ వెనక ఆడవాళ్ళు, ఖాళీ తట్టలతో.

అప్పాజీ ఉపన్యాసం మొదలయింది. వాసన మాట వచ్చినప్పుడు జేబురుమాలు తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. నిన్న రాత్రి అతని ఇంట్లో చీరమేను గారెలు వేసుకున్న సంగతి రత్నమాణిక్యానికి తెలుసు. వీరవేణే పోసింది.

"అనుకూలురు లేవవలెను," అన్నాడు చివరికి, దొర కేసి చూస్తూ.

కుర్చీలు కిర్రుమన్నాయి. ఎడమ వైపు ఇద్దరు లేచారు. కుడి వైపు బియ్యం కొట్టు ఆసామి పొట్ట సర్దుకుని సగం లేచాడు.

బుల్లిరాజు గారి మొహం వికసించింది. "అయ్యో, కూర్చోండి, కూర్చోండి! మాటిమాటికీ లేవడమేంటి నాకోసం? కూర్చోండి నాయనా."

ఇద్దరూ కూర్చున్నారు. సగం లేచిన ఆసామి మిగతా సగం లేవకుండానే కూలబడ్డాడు. ఆ పెద్దమనిషి కూర్చోమన్నాక నిలబడ్డం ఆ ఊళ్ళో ఎవడికీ అలవాటు లేదు.

"అయ్యా, ఇది ఓటండి!" అన్నాడు అప్పాజీ.

"ఏదైతేనేం, నిలబడితే కాళ్ళు పీకవూ? అల్లుడు గారూ, మీరూ కూర్చోండి."

"నేను నిలబడాలండి."

"కుర్చీ బావులేదా? ఒరే, అల్లుడు గారికి పరుపు కుర్చీ తెండిరా."

అప్పాజీ వంగీ వంగకుండా, లేచీ లేవకుండా, తన కుర్చీ ముందు కొంగలా నిలిచాడు. బుల్లిరాజు గారు కర్ర నేలకు తాటించారు. టక్కు. అప్పాజీ కూర్చున్నాడు.

బంగార్రాజు గారు తన మోకాళ్ళను రెండు చేతులతో నొక్కిపట్టుకుని ఉన్నారు. పెదవులు బిగించి నవ్వు ఆపుకుంటున్నారని తెర వెనక మనిషికి తెలుసు.

దొర చావడి అంతా కలయజూశాడు. నిలబడ్డవాడు ఒక్కడూ లేడు. ఏదో అన్నాడు. "నిర్ణయం వీగిపోయిందంటున్నారండి. చేపల బజారు రేవులోనే ఉంటుందంటున్నారు," అన్నారు ఆశీర్వాదం మేష్టారు.

మెట్ల కింద నుంచి ఒక పెద్ద ఊపిరి వినబడింది. గంగయ్య ఉత్తరీయంతో కళ్ళు ఒత్తుకున్నాడు. వెనక వరసలో ఎవరో తట్ట వెల్లకిలా తిప్పి నెత్తిన పెట్టుకున్నారు. మొహం కనబడకపోయినా అది వీరవేణేనని రత్నమాణిక్యం అనుకుంది. రేపు చీరమేను వస్తుంది.

అంతటితో అయిపోతే బావుండేది. అప్పాజీ ప్లీడరు మళ్ళీ లేచాడు. ఈసారి బుల్లిరాజు గారి వైపు చూడకుండా, గబగబా దొరతో ఇంగ్లీషులో మాట్లాడాడు. ఇది ఓటు కాదు, ముసలాయన అడ్డుపడ్డాడు, చెల్లదు. దొర కనుబొమలు ముడిపడ్డాయి. అలాగైతే పోయినసారి అందరూ కలిసి ఎలా లేచారని అడిగాడు. అప్పాజీ జేబురుమాలు మడతపెట్టుకోవడం మొదలెట్టాడు. అమాయకుడైన ఆశీర్వాదం మేష్టారు, అడిగిన దానికి జవాబు చెప్పడం బడిపంతులు ధర్మమనుకుని, ఉన్నదున్నట్టు చెప్పేశారు: "ఆ రోజు కూడా సరిగ్గా అప్పుడే ఈ పెద్దాయన వచ్చారండి."

బంగార్రాజు గారి మొహంలో నవ్వు ఆరిపోయింది.

దొర బుల్లిరాజు గారి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. ఏదో అడిగాడు. మేష్టారు దాన్ని తెలుగులో చెప్పారు. "మిమ్మల్ని ఈ సభకు ఎవరు రమ్మన్నారని అడుగుతున్నారండి. ఇది చైర్మన్ గారి పన్నాగమని తేలితే ఇవాళ ఓటూ చెల్లదట, ఆ రోజు ఓటూ చెల్లదట, ఎన్నికైన చైర్మనూ... ఈ ఊరికి అక్కర్లేదట."

"ఏంటి నాయనా?"

మేష్టారు మళ్ళీ చెప్పారు. బుల్లిరాజు గారికి మొదటిసారే వినబడిందని తెర వెనక ఇద్దరు ఆడవాళ్ళకూ తెలుసు. ఆయన ఆలోచిస్తున్నారు. అబద్ధం ఆడరు. నిజం చెబితే కొడుకులాంటి వాడి కుర్చీ పోతుంది. ఆ కుర్చీతోపాటు రేవూ పోతుంది.

కర్ర మెల్లగా పైకి లేచింది. బంగార్రాజు గారి మీదుగా వెళ్ళింది, ఆగలేదు. అప్పాజీ మీదుగా వెళ్ళింది. వెదురు తెర కేసి తిరిగి అక్కడ ఆగింది. ఇవాళ రమ్మన్న మనిషి అక్కడే ఉంది. అది అబద్ధం కాదు.

"తెర వెనక ఎవరు?" అన్నాడు దొర, వచ్చీరాని తెలుగులో, నేరుగా.

రాజుల ఇంట్లో పరాయి మగవాడు అడగకూడని మాట. ఎవరూ "లేవవలెను" అనలేదు. ఏ కర్రా చప్పుడు చేయలేదు. అయినా చావడిలో కుర్చీలన్నీ ఒక్కసారి కిర్రుమన్నాయి. అప్పాజీతో సహా అందరూ లేచి నిలబడ్డారు. బంగార్రాజు గారు తెరకు అడ్డంగా వచ్చారు. దొర కదల్లేదు.

రత్నమాణిక్యం ఒళ్ళోంచి చేట జారి బియ్యం చెదిరాయి. తెర తాడు కోసం చేయి చాచింది, ఆగింది, మళ్ళీ చాచింది. ఆ తాడు అప్పటికే బిగువుగా ఉంది. వేరే చెయ్యి దాన్ని లాగుతోంది.

ఆవిడ పక్కకు తిరిగేసరికి వెదురు తెర గరగరమంటూ పైకి చుట్టుకుపోయింది. వెలుతుర్లో, వేళ్ళకు అంటుకున్న పత్తి నూగుతో, అప్పాయమ్మ గారు నిలబడి ఉంది. ఆ ఇంటి మగవాళ్ళు తప్ప ఏ మగవాడూ ఎన్నడూ చూడని ముఖం. ఎన్నడూ వినని గొంతు.

"కూర్చోండి," అంది ఆవిడ. "అంతా కూర్చోండి. ఆ రోజు సంగతి నేను చెబుతాను."

దొరతో సహా అందరూ కూర్చున్నారు.